కార్తీకం పూట, పిల్లల్ని వెంటేసుకుని

దీపావళి మర్నాటి నుంచే బెజవాడ ఇళ్ళల్లో ఒకటే లెక్క. ఈసారి వనభోజనాలు ఏ ఆదివారం? నెలకు ఉండేవి నాలుగు ఆదివారాలు. ఒకటి నాగుల చవితి చుట్టుపక్కల పోయేది, ఇంకొకటి ఎవరింట్లోనో పెళ్ళికి పోయేది. మిగిలిన రెంట్లో వాన లేనిదాన్ని పట్టుకోవాలి. కార్తీక సోమవారం గొప్పదని అందరికీ తెలుసు. కానీ ఆ రోజు పెద్దవాళ్ళు నక్షత్రం చూసేదాకా భోంచెయ్యరు. ఉపవాసం ఉన్నవాళ్ళ చేత పొయ్యి దగ్గర చాకిరీ చేయించి, పిల్లలకు వడ్డించమనడం ఏం బాగుంటుంది? అందుకే ఆదివారం.

వాన సంగతి మాత్రం తేలిగ్గా తీసుకునేవారు కాదు. ముందురోజు సాయంత్రం రేడియో వార్తల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నమాట వినబడితే పులిహోరకు నానబెట్టిన చింతపండు కూడా పక్కన పెట్టేసేవారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన ప్రాంతం ఇది. ఆ తర్వాత మా వైపు పెద్దవాళ్ళెవరూ నవంబరు గాలిని నమ్మి పిల్లల్ని తోటలకు తీసుకెళ్ళలేదు. పిల్లలు ఏడ్చినా సరే, వారం వాయిదా.

వెళ్ళేది ఎక్కువగా నూజివీడు వైపు మామిడి తోటలకు. కార్తీకంలో మామిడి చెట్టు మీద కాయ ఉండదు, పూతకింకా టైముంటుంది, కాబట్టి తోట వాళ్ళు కాదనేవారు కాదు. కానీ అడక్కుండా వెళ్ళే పద్ధతి లేదు. వారం ముందే ఒకరు వెళ్ళి మూడు సంగతులు చూసి వచ్చేవారు. తోటలో ఉసిరి చెట్టుందా, నీళ్ళ బావో మోటారో ఉందా, బావికి గట్టుందా. గట్టు లేని నేలబావి ఉంటే ఆ తోట ఎంత బాగున్నా వద్దనేవారు. పదిమంది పెద్దవాళ్ళుంటే ఎవరో ఒకరు చూస్తార్లే అని పదిమందీ అనుకుంటారు, నాలుగేళ్ళ పిల్లాడు మాత్రం నీళ్ళకేసే నడుస్తాడు. చెప్పుకోవడానికి చిన్న విషయమే, కానీ తోట ఎంపికంతా దాని మీదే ఉండేది.

ఉసిరి చెట్టు గురించి ఒక మాట. పూజ దాని కిందే, భోజనం కూడా దాని కిందే అని శాస్త్రం. కానీ ఉసిరి ఆకు చింతాకంత సన్నం, నీడ జల్లెడ పట్టినట్టు ఉంటుంది. పదకొండు దాటితే చంటిపిల్లల ముఖాల మీద ఎండ నేరుగా పడుతుంది. అందుకని పూజ ఉసిరి కింద చేసి, పెద్దవాళ్ళు అక్కడే ఒక ముద్ద తిని, జంపఖానాలూ చాపలూ మాత్రం పక్కనున్న మామిడి కింద పరిచేవారు. పరిచే ముందు తలెత్తి కొమ్మలు చూడాలి. మామిడి ఆకుల్ని నాలుగైదు కలిపి కుట్టినట్టు గూడు కట్టుకునే ఎర్రచీమలు ఆ రోజుల్లో బాగా ఉంటాయి. గూడున్న కొమ్మకు ఉయ్యాల కట్టారంటే అయిదు నిమిషాల్లో పిల్లల మెడల మీదికి దిగుతాయి.

వంటలో సగం ఇంట్లో, సగం తోటలో. పులిహోర, దద్దోజనం, బూరెలు తెల్లవారుజామునే ఇంట్లో అయిపోయేవి. అన్నం, పప్పు, గుమ్మడికాయ దప్పళం, వంకాయ కూర తోటలో. కార్తీకం కాబట్టి ఉల్లీ వెల్లుల్లీ చాలా ఇళ్ళల్లో ఉండవు.

పులిహోరకు ఇరవైమంది అనుకుంటే రెండు కిలోల పాత బియ్యం, పావుకిలో చింతపండు, పావు లీటరు పైచిలుకు నూనె. అన్నం పలుకుగా దించి వెడల్పాటి బేసిన్లో ఆరబోసి, వేడి మీదున్నప్పుడే పసుపు, రెండు గరిటెల నూనె, పచ్చి కరివేపాకు వేసి వదిలెయ్యాలి. చింతపండు గుజ్జు కలపాల్సింది అన్నం చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే. వేడిగా ఉండగా కలిపితే మెతుకు విరిగి ముద్దవుతుంది. ఇంకా పెద్ద తప్పు, కలిపిన వెంటనే డబ్బాలో పెట్టి మూత బిగించడం. లోపల ఆవిరి పట్టి, మూతకు నీళ్ళు కారి, మధ్యాహ్నానికి పైపొర జిగురు పడుతుంది. పూర్తిగా చల్లారేదాకా పలచటి గుడ్డ కప్పి ఉంచి, బయల్దేరేటప్పుడు మూత పెట్టేవారు. గుజ్జు ఉడికేటప్పుడే పిల్లల వాటా వేరు. మిరపకాయలు పడకముందు ఒక గిన్నెడు గుజ్జు పక్కకు తీసి, అందులో చిటికెడు బెల్లం వేసి, పావువంతు అన్నానికి ఆ గుజ్జు కలిపేవారు. ఆ చిన్న డబ్బాకు తాడు కట్టి గుర్తు పెట్టేవారు. లేకపోతే వడ్డనలో ఏది ఏదో తెలియక పిల్లలు కారానికి ఏడవడం, ఆ తర్వాత ఏం పెట్టినా నోరు తెరవకపోవడం.

దద్దోజనం పెరుగుతో కలిపి తీసుకెళితే ఒంటిగంటకు పుల్లబడిపోతుంది. మా వైపు పద్ధతి వేరు. అరకిలో బియ్యం మెత్తగా వండి, గోరువెచ్చగా ఉండగా లీటరు కాచిన పాలు పోసి మెదిపి, ఒకే ఒక గరిటెడు పెరుగు తోడేసేవారు. తెల్లవారుజామున అయిదింటికి తోడేస్తే తోటలో ఆకుల ముందు కూర్చునే వేళకు సరిగ్గా తోడుకుని తియ్యగా ఉంటుంది. అందులో పచ్చి అల్లం ముందే వెయ్యకూడదు. పాలు విరుగుతాయి. తాలింపు ఒక చిన్న గిన్నెలో పట్టుకెళ్ళి అక్కడ కలుపుకోవడమే.

తోటలో పొయ్యికి చోటు చూడడం అనుభవం ఉన్నవాళ్ళ పని. కార్తీకంలో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. కాబట్టి చాపలకు నైరుతి దిక్కున పొయ్యి పెడితే పొగ జనం మీదికి రాదు. కొమ్మల కింద పెట్టకూడదు, సెగకు ఆకు మాడుతుంది, తోట వాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. చుట్టూ రెండు బారల మేర ఎండుటాకులు ఊడ్చి, జానెడు లోతు గుంట తీసి, మూడు రాళ్ళు పెట్టి, పక్కన బిందెడు నీళ్ళు. కట్టెలు ఇంటి నుంచే. వానలు వెనకబట్టినా తోటలో పుల్లలు లోపల తడిగానే ఉంటాయి, మండవు, పొగ పెడతాయి. ఎండిన సరుగుడు కట్టెలు ఒక మోపు, అంటించడానికి ఎండు కొబ్బరి మట్టలు నాలుగు. గుండిగ అడుక్కి బయటివైపు తడి బూడిద దట్టంగా పూసి పొయ్యెక్కిస్తే మసి గిన్నెకు అంటదు, కడిగితే బూడిదతో పాటు పోతుంది. పొయ్యి చుట్టూ ముగ్గుతో ఒక గిరి గీసేవారు. పిల్లలు ఆ గీత దాటకూడదు. గీత కంటికి కనబడుతుంది కాబట్టి మూడేళ్ళ వాళ్ళు కూడా దాన్ని మన్నించేవారు. ఉత్త మాటతో చెబితే వినరు.

పిల్లల భోజనం పన్నెండింటికల్లా అయిపోవాలి. పూజ అయ్యేదాకా ఆగమంటే ఆగరు. తొమ్మిదింటికి ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీలు. పొడీ నెయ్యీ రాసి, వాడ్చిన అరటాకులో చుట్టి తెస్తే పొడిబారకుండా ఉంటాయి. పదిన్నరకు అరటిపండు, పన్నెండుకు అన్నం. పెద్దవాళ్ళ పంక్తి ఒంటిగంటకు. ఎండు విస్తళ్ళైతే వడ్డించే ముందు తడి గుడ్డతో తుడవాలి, లేకపోతే పుల్ల దగ్గర చీలి పులుసు కారుతుంది. పిల్లలకు ఎప్పుడూ రెండు విస్తళ్ళు ఒకదాని మీద ఒకటి.

చంటిపిల్లలకు చీర ఉయ్యాల. ఇది కట్టడం చూస్తే ఎంత సులువో, అంత జాగ్రత్త. వాడి మెత్తబడిన ఆరు గజాల నూలు చీరే కావాలి. నైలాన్ చీరకు ముడి నిలవదు, జారుతుంది. కొమ్మ పెద్దవాళ్ళ తొడంత లావు ఉండాలి. చీర రెండు కొసలూ కొమ్మకు కట్టి, ముడి మీద ముడి వేసి, ముందు పెద్దవాళ్ళెవరైనా బరువు వేసి ఊగి చూసేవారు. ఉయ్యాల అడుగు నేలకు మోకాలెత్తుకు మించకూడదు. దాని కింద బొంత. చీర అంచులు దగ్గరకు మూసుకుపోయి బిడ్డకు గాలాడకపోతే ప్రమాదం కాబట్టి, బిడ్డ తలకు జానెడు పైన అంచుల మధ్య మూరెడు కర్ర అడ్డం పెట్టి విడదీసి ఉంచేవారు. ఆ కర్రకు ఒక చిలక బొమ్మ. కొమ్మల్లోంచి పడే వెలుగు చుక్కలు చీర మీద కదులుతుంటే పిల్ల వాటిని పట్టుకోబోయి, పట్టుకోబోయి నిద్రపోయేది. పెద్ద పిల్లల తాడు ఉయ్యాల సంగతీ ఇంతే. కొమ్మకు తాడు రాసుకునే చోట గోనెసంచి మడిచి పెట్టేవారు, లేకపోతే తాడూ పాడు, చెట్టు బెరడూ పాడు. మునగ కొమ్మకు ఉయ్యాల కట్టేవాళ్ళెవరూ లేరు. పుటుక్కున విరుగుతుంది.

ఇక ఉసిరికాయ. ఆ రోజంతటిలో పిల్లలకు గుర్తుండేది అదే. పెద్ద ఉసిరికాయను అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు ఎత్తి చూస్తే పాలిపోయిన ఆకుపచ్చలో ఆరు సన్నని గీతలు పై నుంచి కిందికి కనిపిస్తాయి. ఆ గీత మీద గోరు పెట్టి నొక్కితే అక్కడే చీలుతుంది. ముక్కకు ఉప్పూ కారం అద్ది నోట్లో వేసుకోగానే ముందు వగరు నాలుకను పట్టేస్తుంది, వెంటనే పులుపు దవడల వెనక జివ్వుమంటుంది. పిల్లల మొహాలన్నీ ముడుచుకుపోతాయి. అప్పుడు మరచెంబు మూత తిప్పి ఒక గుక్క నీళ్ళు ఇవ్వాలి. నీళ్ళు తియ్యగా ఉంటాయి! “చెంబులో పంచదార వేశావా అమ్మమ్మా?” అని అడగని పిల్లలుండరు. ఇంకో ముక్క, ఇంకో గుక్క. నాలుగేళ్ళ లోపు వాళ్ళకు గింజ తీసిన ముక్కే ఇవ్వాలి. గింజ గట్టిది, గొంతులో పడితే కష్టం.

తోటలో పిల్లలకు జరిగే ఇబ్బందులు ఏటా అవే. పల్లేరు కాయ కాల్లో గుచ్చుకోవడం. ఉత్తరేణి గింజలు లాగులకూ గౌన్లకూ వరసగా అంటుకోవడం. వీటికి కంగారు లేదు. కంగారు పడాల్సింది దూలగొండికి. కంచె మీద పాకిన తీగకు, పిల్లి బొచ్చులా మెరిసే నూగుతో గోధుమరంగు కాయలు వేలాడుతుంటే పిల్లలు ముట్టుకోకుండా ఉండలేరు. ఆ నూగు తగిలిన చోట చెప్పలేని దురద. చేత్తో రుద్దితే ఇంకా పాకుతుంది. తడి మట్టి దట్టంగా మెత్తి, ఆరనిచ్చి, పెళ్ళగా ఊడదీసేవారు. నూగు మట్టితో పాటు వచ్చేస్తుంది. ఇప్పుడైతే అతుక్కునే టేపు ముక్కతో ఒత్తి లాగవచ్చు. ఆ తర్వాతే నీళ్ళు, కొబ్బరినూనె. వెళ్ళగానే కంచె వెంట ఒక చుట్టు తిరిగి దూలగొండి తీగ ఎక్కడుందో పిల్లలకు దూరం నుంచి చూపించడమే అసలు మందు.

నాలుగింటికి సామాను ఎత్తాలి. నవంబరులో మా వైపు అయిదున్నరకే పొద్దు వాలుతుంది, వెంటనే దోమలు, మంచు. తులసికోట దగ్గర దీపం వేళకు ఇల్లు చేరాలన్న నియమం పిల్లల ఒంటికి కూడా మంచిదే అయింది.

వనభోజనాలు కాకుండా దసరా సెలవుల్లో పూట తిరుగుళ్ళు రెండు మూడుండేవి. ఉండవల్లి గుహలు మాకు దగ్గరే, పొద్దున్నే వెళితే పదికి ఇంట్లో ఉండొచ్చు. రాతిలో పడుకున్న అనంత పద్మనాభస్వామి పొడవును పిల్లల చేత అడుగులతో కొలిపించేవారు. పై అంతస్తుల్లో అంచుల దగ్గర పిల్లల చెయ్యి వదలకూడదు. కొండపల్లి వెళితే కోట ఎక్కడం అయిదేళ్ళు దాటిన వాళ్ళకే. చిన్నవాళ్ళతో కింద బొమ్మలు చేసే ఇళ్ళ దగ్గర కూర్చోవడం మేలు. తెల్లపొణికి కర్ర ఎంత తేలికో పిల్లల చేతిలో పెట్టి చూపించేవారు. ముక్కల్ని అతికే మక్కు చింతగింజల పిండి, రంపపు పొట్టుతో చేస్తారు. కొన్న బొమ్మను దారిలో పిల్లలకివ్వకూడదు. చెమట చేతులకు రంగు అంటుతుంది.

దూరప్రయాణం అంటే అరకు. విశాఖలో బంధువుల ఇంట్లో రాత్రి పడుకుని, పొద్దున్నే కిరండూల్ పాసింజరు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో వేసిన దారి అది, మొత్తం మీద యాభైకి పైగా సొరంగాలు. శిమిలిగూడ స్టేషను దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. రోడ్డు కంటే రైలే ఎందుకంటే, అనంతగిరి ఘాటులో పిల్లలకు వాంతులు. బస్సులో వెళ్ళక తప్పకపోతే బయల్దేరే ముందు పాలు పట్టకూడదు, ఖాళీ కడుపుతోనూ ఎక్కించకూడదు. రెండు ఇడ్లీలు, చట్నీ లేకుండా. ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా చూడమనాలి, వాసన చూడ్డానికి నలిపిన నిమ్మాకు, బుగ్గలో ఎండు ఉసిరి ముక్క. రైల్లో ఈ బాధలేవీ లేవు. ఉన్న భయం ఒకటే, పాత పెట్టెల్లో పైకెత్తిన ఇనుప కిటికీ రెక్క. గొళ్ళెం సరిగ్గా పడకపోతే కుదుపుకు ధబీమని దిగుతుంది, కింద పిల్లల వేళ్ళుంటాయి. ఎక్కగానే ప్రతి రెక్కనూ కిందికి లాగి చూసేవారు.

సొరంగం రాగానే ఏడ్చే పిల్లలకు ఒక ఉపాయం ఉండేది. కుడి జేబులో చింతపిక్కలు పోసి, సొరంగం దాటిన ప్రతిసారీ ఒకటి ఎడమ జేబులోకి మార్చమనేవారు. మూడో సొరంగానికి భయం పోయి, నాలుగోది ఎప్పుడొస్తుందా అని చూసేవారు. అరకు దిగేసరికి పెట్టెలోని పిల్లలందరూ తలో లెక్క చెప్పి పోట్లాడుకునేవారు.

బొర్రా గుహల దగ్గర కోతులు మనిషిని చూడవు, చేతిలోని సంచిని చూస్తాయి. తిండి అంతా మెడకు తగిలించిన గుడ్డ సంచిలో, పైన తువ్వాలు. పిల్లల చేతికి బిస్కెట్టు పొట్లం ఇవ్వకూడదు. గుహలోకి మొదట దిగడం, చివర ఎక్కడం. అంటే పిల్లలు అలిసి చంకెక్కే వేళకు మనకు మెట్లు ఎదురవుతాయి. అందుకని సగం దాకా వెళ్ళి వెనక్కి తిరిగినా తప్పు లేదు. పైనుంచి కారే నీళ్ళకు మెట్లు తడి, వేళ్ళ చెప్పులు జారతాయి, వెనక పట్టీ ఉన్నవే వెయ్యాలి. పైకప్పు నుంచి వేలాడే సున్నపు కొన మీద ఒక చుక్క ఊరి, బరువెక్కి, వణికి, రాలేదాకా నిలబెట్టి చూపిస్తే చాలు. ఆ చుక్క తనలోని రవ్వంత సున్నాన్ని అక్కడ వదిలి పోతుందని, అలా వేల ఏళ్ళకు ఆ కొన అంతైందని చెబితే ఆరేళ్ళ పిల్లలకు కూడా అందుతుంది.

కార్తీకం రోజుల్లో అరకు లోయ పసుపుపచ్చగా ఉంటుంది. వలిసె పూలు. నడుమెత్తు మొక్కలు, చిన్న పొద్దుతిరుగుడు పువ్వుల్లా ఉంటాయి. అది నూనెగింజల పంట, ఒక కుటుంబం కష్టం. గట్టు మీద నిలబడి చూడాలి తప్ప పిల్లల్ని లోపలికి పరిగెత్తనివ్వకూడదు. కాండం మెత్తన, వంగితే మళ్ళీ లేవదు. ఫొటో కావాలంటే అడగాలి, అడిగితే వాళ్ళే చోటు చూపిస్తారు. సాయంత్రం అయిదు దాటితే చలి ఒక్కసారిగా దిగుతుంది. స్వెట్టర్లు పెట్టె అడుగున పెడితే ఆ వేళకు దొరకవు. అన్నిటి పైనే ఉండాలి, చెవులు మూసే టోపీలతో సహా.

తోట నుంచైనా, అరకు నుంచైనా, ఇల్లు చేరాక పని ఇంకా ఉండేది. గుమ్మం బయటే పిల్లల కాళ్ళు కడిగి, బట్టలు విప్పి, వాటిని లోపలికి తేకుండా అరుగు మీదే దులిపేవారు. క్యారియరు గిన్నెలు విడదీసి బోర్లించకుండా వెల్లకిలా ఆరబెట్టేవారు. మూత పెట్టి ఉంచితే పులుపు వాసన వారం దాకా పోదు. మరచెంబు మూతకున్న మరల్లో ఇసుక చేరుతుంది, చీపురుపుల్లతో తీసి కడగాలి. మిగిలిన పులిహోర ఆ రాత్రికి పెద్దవాళ్ళకే. నిద్రపోతున్న పిల్లల నోట్లో నాలుగు ముద్దలు పాలన్నం పెట్టి పడుకోబెట్టాక, అమ్మమ్మ దీపం దగ్గర కూర్చుని గౌన్లకు అంటుకున్న ఉత్తరేణి గింజల్ని ఒక్కొక్కటే ఏరి, కాగితంలో వేసి మడిచేది.